బందరు అద్దకం, ఇస్ఫహాను మైదానం

మా అమ్మమ్మగారి ఊరు పెడనకు కూతవేటు దూరం. ఆరవేసిన అద్దకం గుడ్డల మధ్య ఆడుకుంటూ పెరిగిన నేను, బుద్ధి తెలిశాక ఒక్క కలంకారీ దుప్పటి కొన్న పాపాన పోలేదు. అటువంటివాణ్ణి, 2018లో ఇరాను వెళ్ళి, ఇస్ఫహానులో జ్ఞాపికగా కొన్నది అద్దకం గుడ్డే!

సఫవీ వంశీయుడైన షా అబ్బాసు 1598లో తన రాజధానిని కజ్వీను నుండి ఇస్ఫహానుకు మార్చాడు. అక్కడ ఆయన తీర్చిదిద్దిన మైదానం పేరు నక్ష్-ఎ-జహాన్, అంటే జగత్తు చిత్తరువు. పొడవు సుమారు 560 మీటర్లు, వెడల్పు 160. దక్షిణాన 1611లో మొదలుపెట్టిన షా మసీదు, తూర్పున మీనార్లు లేని షేక్ లుత్ఫుల్లా మసీదు, పడమట ఆలీ ఖాపూ ప్రాసాదం, ఉత్తరాన బజారులోకి తెరుచుకునే ఖైసరియా ద్వారం. మతమూ, రాజ్యమూ, వర్తకమూ ఒకదానికొకటి ఎదురుగా కూర్చున్నట్లుంటుంది. రాజుగారు ప్రాసాదపు వసారాలో కూర్చుని పోలో ఆట తిలకించేవారట. నాటి రాతి గోలుస్తంభాలు నేటికీ నిలిచి ఉన్నాయి.

హైదరాబాదును కొత్త ఇస్ఫహానుగా సంకల్పించారని మనం గర్వంగా చెప్పుకుంటాము. కాని చార్మినారు 1591 నాటిది. ఈ మైదానం దానికి చెల్లెలి వరుస. ఎవరిని చూసి ఎవరు నేర్చారన్న ప్రశ్న నాకు అక్కడే మొదలైంది.

మైదానం చుట్టూ వరుసగా అంగళ్ళు. రాగి పళ్ళేల మీద సుత్తి చప్పుళ్ళు, నీలి మీనాకారీ గిన్నెలు, సన్నని కొయ్య ముక్కలూ ఎముక ముక్కలూ పొదిగిన ఖాతమ్ పెట్టెలు. ఒక దుకాణం ముందు నా కాళ్ళు ఆగిపోయాయి. ఒక పెద్దాయన కొయ్య అచ్చును రంగులో ముంచి, గుడ్డపై పెట్టి, పిడికిటితో గట్టిగా గుద్దుతున్నాడు. ముందు నలుపు, తరువాత ఎరుపు, ఆపైన నీలం, పసుపు. ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు. మనది టేకు అచ్చు, వారిది బేరిపండ్ల చెట్టు కొయ్య. అంతే తేడా.

"మా ఊళ్ళోనూ చేస్తారు, కలంకారీ అంటాము" అన్నాను, వచ్చీరాని మాటలతో, సైగలతో.

"పేరు మాది" అన్నాడాయన నవ్వుతూ.

"గుడ్డ మాది" అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఎందుకో మింగేశాను.

ఆలోచిస్తే ఇద్దరమూ సగం సగం నిజమే. కలం, కారీ రెండూ పారశీక మార్గాన వచ్చిన మాటలే. మైదానం, బజారు కూడా అంతే. చివరికి మా బందరు సైతం 'రేవు' అనే అర్థం గల పారశీక పదమే. గోలకొండను ఏలిన కుతుబ్‌షాహీల మూలపురుషుడు సుల్తాన్ కులీ ఇరాను నుండి వచ్చినవాడు. వజ్రాల వర్తకంతో ఎదిగి గోలకొండలో మంత్రి అయిన మీర్ జుమ్లాది ఇస్ఫహానుకు చేరువనున్న అర్దిస్తాన్. అటునుండి మనుషులూ మాటలూ రాగా, ఇటునుండి పదిహేడవ శతాబ్దంలో మచిలీపట్నం ఓడలు అద్దకం గుడ్డలతో బందర్ అబ్బాసుకు పోయేవి. పారశీకుల అభిరుచికి తగినట్లు సరుగుచెట్టు వంటి సర్వ్ వృక్షాన్నీ, వంపు తిరిగిన మామిడిపిందెనూ మన అద్దకంవారు అచ్చులలో చెక్కారు. ఇక ఇందులో ఏ కొమ్మ ఎవరిదని విడదీస్తాము?

ధర అడిగితే "ఘాబెల్ నదారె" అన్నాడు. మీ ముందు దీనికేపాటి విలువ, అని అర్థం. అది మర్యాదే తప్ప ఉచితం కాదు. మూడుసార్లు అడిగించుకుని తొమానులలో చెప్పాడు. నోట్ల మీద ఉండేది రియాళ్ళు. పది రియాళ్ళు ఒక తొమాను. ఆ లెక్కలో తడబడి పదోవంతు ఇవ్వబోతే, ఆయనే నా చేతిలోని నోట్లు లెక్కపెట్టి తీసుకుని, మిగిలినవి తిరిగి ఇచ్చాడు.

అద్దిన గుడ్డలను పూర్వం జాయందే రూద్ నదిలో ఉతికేవారట. సాయంత్రం ముప్ఫైమూడు కమానుల వంతెన దగ్గరకు వెళ్ళి చూశాను. ఏటిలో చుక్క నీరు లేదు. ఎండిన నేలపై పిల్లలు ఆడుకుంటున్నారు. పెడనలో అచ్చు స్థానంలో స్క్రీన్లు రావడం గుర్తుకు వచ్చి, మనసు చివుక్కుమంది.

ఆ మరుసటి సంక్రాంతికి పెడన వెళ్ళాను. అచ్చు గుద్దుతున్న ఒక పెద్దాయన దగ్గర దుప్పటి కొన్నాను. ఆయన ధర చెప్పాడు. బేరమాడలేదు.