పేరు పోయిన రాజ్యం

2009 ఫిబ్రవరి మొదట్లో ఒక రోజు, యూరప్‌లోనూ అమెరికాలోనూ ఎక్కడెక్కడో ఉన్న వందలాది మంది ఎప్పటిలాగే కంప్యూటర్ ముందు కూర్చుని 'ఈవ్ ఆన్‌లైన్' తెరిచారు. వాళ్ల పేర్ల పక్కన ఉండాల్సిన 'బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్' అన్న మాట కనిపించలేదు. ఓడలున్నాయి, గిడ్డంగుల్లో సరుకుంది, సాటివాళ్లంతా ఉన్నారు. రాజ్యం మాత్రం లేదు. ఆ రాత్రి పెద్ద యుద్ధమేదీ జరగలేదు, ఎవరూ కోట బద్దలు కొట్టలేదు. లోపలి మనిషి ఒకడు కూటమిని రద్దు చేసి వెళ్లిపోయాడు.

ఆట కదా, ఇందులో ఏడవడానికేముంది అని కొందరికి అనిపించవచ్చు. ఆ రాజ్యం కట్టడానికి పట్టినవి మాత్రం నిజమైన సాయంత్రాలు, నిజమైన నిద్రలేని రాత్రులు, ముఖం చూడకుండానే ఏళ్ల తరబడి కలిసి తిరిగిన నిజమైన స్నేహాలు. అందుకే నాకది పతనంగానే కనిపిస్తుంది, రాజుల కథల్లోని ఏ పతనానికీ తీసిపోనిదిగా.

ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్‌లోని సీసీపీ అనే సంస్థ 2003 మేలో ఈ ఆటను విడుదల చేసింది. ఆడేవాళ్లంతా దాదాపు ఒకే సర్వర్‌లో, ఒకే అంతరిక్షంలో ఉంటారు. అయిదు వేలకు పైగా సౌరమండలాలు. ఓడ పేలిపోతే పోయినట్టే, మళ్లీ సంపాదించి కొనుక్కోవాలి. నడిమి ప్రాంతంలో ఆట తాలూకు పోలీసులుంటారు. బయటి ప్రాంతాలకు వెళ్తే వాళ్లుండరు. అక్కడ నేల ఎవరు నిలబెట్టుకుంటే వాళ్లది. ఆటగాళ్లు కలిసి కార్పొరేషన్లవుతారు, కార్పొరేషన్లు కలిసి కూటములవుతాయి, ఆ కూటములు ఒకదానితో ఒకటి ఒప్పందాలు చేసుకుంటాయి.

ఆ ఒప్పందాల్లో రెండు రకాలు ఎక్కువ. ఒకటి పూర్తి అనాక్రమణ ఒప్పందం: నీ ఓడ ఎదురైతే నేను కాల్చను, నా ఓడ ఎదురైతే నువ్వు కాల్చకు. రెండోది కాస్త వదులుగా ఉంటుంది: దారిలో కలిస్తే కొట్టుకుందాం, అది సరదా, నీ స్టేషన్ జోలికి నేను రాను, నా నేల జోలికి నువ్వు రాకు. వీటిని ఆట గుర్తించదు. సంతకం లేదు, జామీను లేదు, మాట తప్పితే శిక్షించే కోర్టు లేదు. ఆట ఇచ్చే సదుపాయం ఒక్కటే, ఒక కూటమి ఇంకో కూటమి పేరును మిత్రుల జాబితాలో పెట్టుకోవచ్చు. అప్పుడు ఆ కూటమి వాళ్లు తెరమీద నీలం గుర్తుతో కనిపిస్తారు. బయటి ప్రాంతాల్లో చాలామంది పాటించే ధర్మం కూడా దాని మీదే నిలిచింది: నీలం కానివాడు కనిపిస్తే కాల్చెయ్. అంటే అక్కడ ప్రాణం నిలిచేది ఆ చిన్న గుర్తు మీద. ఆ గుర్తు నిలిచేదేమో, రెండు కూటముల దూతలు రాత్రిళ్లు మేలుకుని చాట్‌లో చెప్పుకునే మాటల మీద. ఫలానావాడు మీ వాణ్ణి పొరపాటున కాల్చాడు, ఓడ ఖరీదు ఇచ్చేస్తాం, మనసులో పెట్టుకోకండి. ఇలాంటి మాటలు వేలకు వేలు.

బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్ ఇల్లు నైరుతి మూలనున్న డెల్వ్ అనే ప్రాంతం. వాళ్లంత నేర్పుగా పోరాడేవాళ్లు ఆ రోజుల్లో అరుదు. అసెండెంట్ ఫ్రాంటియర్ అనే పెద్ద కూటమి ఆటలోనే మొట్టమొదటి టైటన్ ఓడను కట్టింది. టైటన్ అంటే ఒక్కడు కొనుక్కునే ఓడ కాదు, కూటమి కూటమంతా నెలల తరబడి ఖనిజం తవ్వి పోగేస్తే గానీ తయారు కాదు. 2006 డిసెంబర్ 11న దాన్ని బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్ వేటాడి కూల్చింది. దాని శిథిలాన్ని సీసీపీ స్మారకంగా అక్కడే ఉంచింది. టైటన్‌తో పాటే అసెండెంట్ ఫ్రాంటియర్ గుండె కూడా చెదిరింది, కొద్దికాలంలోనే ఆ కూటమి విచ్ఛిన్నమైంది.

గెలుపు మీద గెలుపు వస్తున్నకొద్దీ వాళ్లకు సాటివాళ్లతో ఒప్పందాలు తగ్గి, కింది వాళ్లతో ఒప్పందాలు పెరిగాయి. తమ నీడన ఉండే చిన్న కూటములకు నేల ఇచ్చేవాళ్లు, కాపాడేవాళ్లు. బయటివాళ్లు ఆ చిన్న కూటములను పెంపుడు జంతువులని ఎద్దేవా చేసేవాళ్లు. ఆ మాట క్రూరమైనదే. అయినా అందులో ఒక నిజముంది. పైవాడి బలం చూసి కుదిరిన స్నేహానికి ఆ బలమే పునాది.

ఎదుటి పక్షం కథ వేరు. గూన్‌స్వార్మ్ అంటే ఎక్కువగా అమెరికన్ కుర్రాళ్లు, ఆట సరిగా రానివాళ్లు, చవక ఓడల్లో గుంపుగా వచ్చి చచ్చేవాళ్లు. రెడ్ అలయన్స్ రష్యన్లది, శత్రువులు తరిమి తరిమి ఒక మూలకు నెట్టిన కూటమి. టౌ సెటీ ఫెడరేషన్ ఫ్రెంచివాళ్లది. ఒకరి భాష ఒకరికి సరిగా రాదు. ఒకరు పడుకునే వేళకు ఇంకొకరు లేస్తారు. అందరూ చిన్నచూపు చూసినవాళ్లు కాబట్టి కలిశారు, కలిసి ఓడిపోయారు కాబట్టి కలిసే ఉన్నారు. ఆ ఒప్పందాన్ని నేను మిగతా అన్నిటికంటే ఎక్కువగా గౌరవిస్తాను.

మధ్యలో 2007 ఫిబ్రవరిలో ఒక మచ్చ బయటపడింది. బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్‌తో కలిసి ఆడుతున్న సీసీపీ ఉద్యోగి ఒకరు తన అధికారం వాడి అరుదైన ఓడల నమూనాలు సంపాదించాడని తేలింది. సంస్థ ఒప్పుకుంది. ఆటగాళ్లు ఎన్నుకునే సలహా మండలి 2008లో ఏర్పడటానికి ఆ రచ్చ కూడా ఒక కారణం. ఆ కూటమిలో అత్యధికులకు ఆ తప్పుతో సంబంధం లేదు. అయినా వాళ్లు న్యాయంగా గెలిచిన యుద్ధాలను కూడా ఆ తర్వాత జనం అనుమానంగానే చూశారు. చెమటోడ్చి తెచ్చుకున్న కీర్తిని ఎవరో చేసిన పనికి పోగొట్టుకోవడం వాళ్ల పతనంలో మొదటి మెట్టని నా అభిప్రాయం.

ఇక ఆ ఫిబ్రవరి రాత్రి. కూటమిలో డైరెక్టర్ హోదా ఉన్న ఒక వ్యక్తికి సొంతవాళ్ల మీద మనసు విరిగింది. శత్రువుల్లో చేరిపోదామనుకుని గూన్‌స్వార్మ్ వాళ్లను కలిశాడు. అతని చేతిలో ఎలాంటి తాళంచెవి ఉందో అతనికంటే ముందు అక్కడి గూఢచారుల పెద్దకు అర్థమైంది. డైరెక్టర్ హోదాతో కూటమిలోని కార్పొరేషన్లను ఒక్కొక్కటిగా బయటికి పంపెయ్యవచ్చు. చివరికి కూటమినే మూసెయ్యవచ్చు. అదే జరిగింది. వదిలేసిన పేరును గూన్‌స్వార్మ్ వైపు వాళ్లు వెంటనే తమ కింద నమోదు చేసేసుకున్నారు, మళ్లీ తీసుకునే వీలు లేకుండా. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు.

ఆ తర్వాత ఏం జరిగిందో కాస్త దగ్గరగా చూడాలి. డెల్వ్ మీద హక్కు ఉన్నది మనుషులకు కాదు, ఆ పేరుకు. పేరు పోగానే హక్కు పోయింది. హక్కు పోగానే శత్రువుల భారీ ఓడలు నేరుగా దూకి రాకుండా ఆపే జామర్లు ఆగిపోయాయి. సైన్యాన్ని క్షణాల్లో ఒక చోటి నుంచి ఇంకో చోటికి దాటించే వంతెనలూ ఆగిపోయాయి. అప్పటి నియమాల ప్రకారం ఆ రక్షణలన్నీ మళ్లీ దక్కాలంటే నేలను వారాల తరబడి నిలబెట్టుకోవాలి. ఇంకో నష్టం గురించి జనం అంతగా చెప్పుకోరు, నన్ను ఎక్కువగా కలచివేసేది మాత్రం అదే. మిత్రులు వేసిన నీలం గుర్తు కూడా ఆ పేరు మీదే ఉండేది. ఏళ్ల తరబడి కుదుర్చుకున్న ఒప్పందాలన్నీ ఒక లేని పేరుకు అంటుకుని ఉండిపోయాయి. వాళ్లు కెన్‌జోకు అన్న కొత్త పేరుతో లేచి నిలబడ్డారు. కానీ మిత్రుల తెరమీద కెన్‌జోకు ఎవరో తెలియని కొత్తవాళ్లు. ప్రతి గుమ్మానికీ వెళ్లి, మేమేనండీ, పాతవాళ్లమే, అని చెప్పుకుని మళ్లీ నీలం వేయించుకోవాలి. శత్రువులు దండెత్తి వస్తున్న వేళ చెయ్యాల్సి వచ్చిన పని ఇది.

వాళ్లు పారిపోలేదు. ఉత్తరాది కూటములు కూడా గూన్లతో కలిసి మీద పడినా నిలిచి పోరాడారు. అయినా కొద్ది నెలల్లోనే డెల్వ్ చేజారింది. అప్పట్లో సగం ప్రపంచం పండగ చేసుకుంది. అంతమందిని అంతకాలం భయపెట్టిన కూటమి కూలితే సంతోషించడం సహజమే. అయినా ఎదురుగా వచ్చిన ఏ సైన్యం చేతిలోనూ కాక, తమవాడి చేతిలో, నిద్రలో ఉండగా ఓడిపోయిన యోధుల గురించి ఆలోచిస్తే ఇవాళ్టికీ మనసు చివుక్కుమంటుంది.

గెలిచినవాళ్లకూ ఆ నేల అచ్చిరాలేదు. ఏడాది తిరిగేసరికి, 2010 ఆరంభంలో, గూన్‌స్వార్మ్ నాయకుడే ఖజానా ఊడ్చుకుని వెళ్లిపోయాడు. కట్టాల్సిన పన్ను కట్టక నేల మీద హక్కు పోయింది. పాత శత్రువులు ఐటీ అలయన్స్ అన్న మరో పేరుతో తిరిగొచ్చి డెల్వ్‌ను పట్టుకున్నారు, తర్వాత 2011లో వాళ్లూ కూలారు.

గూన్లు మాత్రం మళ్లీ లేచారు. దానికి సైన్యం ఎంత కారణమో దూతలూ అంతే కారణం. వాళ్లలో ముఖ్యుడు ఆటలో 'వైల్ ర్యాట్' అనే పేరుతో ఉండేవాడు. ఉత్తరాన వాళ్లు కట్టుకున్న కొత్త కూటమికి కావాల్సిన ఒప్పందాల్లో చాలా భాగం అతను మాట్లాడి కుదిర్చినవే. 2011లో ఆటగాళ్లు అతన్ని సలహా మండలికి ఎన్నుకున్నారు. అసలు పేరు షాన్ స్మిత్. బయటి ప్రపంచంలోనూ అతను అమెరికా విదేశాంగ శాఖ ఉద్యోగే, సమాచార వ్యవస్థలు చూసుకునేవాడు. బాగ్దాద్‌లో ఉద్యోగం చేసేటప్పుడు చాట్‌లో మాట్లాడుతూ మాట్లాడుతూ, రాకెట్లు పడుతున్నాయని చెప్పి మాయమయ్యేవాడు, కాసేపటికి తిరిగొచ్చేవాడు.

2012 సెప్టెంబర్ 11న అతను లిబియాలోని బెంఘాజీలో ఉన్నాడు. ఆ రోజు కూడా ఆట మిత్రులతో చాట్‌లోనే ఉన్నాడు. కాపలా పోలీసుల్లో ఒకడు ఆవరణను ఫొటోలు తీస్తూ కనిపించాడని చెప్పాడు. తర్వాత కాల్పులని రాశాడు. మిత్రులు ఎప్పటిలాగే తిరిగొస్తాడనుకున్నారు. ఆ దాడిలో రాయబారి క్రిస్టఫర్ స్టీవెన్స్ సహా చనిపోయిన నలుగురు అమెరికన్లలో అతనొకడు. వయసు 34. భార్య, ఇద్దరు పిల్లలు.

మరునాటి నుంచి బయటి ప్రాంతాల్లో స్టేషన్ల పేర్లు మారడం మొదలైంది. వందల స్టేషన్లకు అతని పేరు పెట్టారు. అతని కూటమితో యుద్ధంలో ఉన్నవాళ్లూ పెట్టారు. పిల్లల కోసం ఆటగాళ్లు చందాలు పోగేస్తే లక్ష డాలర్లు దాటాయి.