లాంఛనమిచ్చినవారెవరు?

శిరస్త్రాణములో ముఖమంతయు దాగిన యోధుని యుద్ధరంగమున గుర్తించుట యెట్లు? 12వ శతాబ్దమున ఐరోపా వీరులు డాలుమీద తమ తమ చిహ్నములను చిత్రించుకొనసాగిరి. ఏ చిహ్నమెవరిదో జ్ఞాపకముంచుకొని, వీరుల పోటీలలో వారి పేర్లు చాటుట హెరాల్డుల వృత్తి. మన వందిమాగధులకు వారు దూరపు చుట్టములు.

మన రాజుల లాంఛనములు శాసనముద్రలపైనను, నాణెములపైనను వెలసినవి. వేంగి చాళుక్యుల తామ్రశాసనముల ముద్రలపై వరాహమును, ‘శ్రీ త్రిభువనాంకుశ’ బిరుదును నేటికిని చూడవచ్చును. ఆ వరాహలాంఛనము నారాయణుని ప్రసాదమని వారు శాసనములలో చెప్పుకొనిరి.

1877 జనవరి 1వ తేదీన ఢిల్లీ దర్బారులో విక్టోరియా రాణిని భారత సామ్రాజ్ఞిగా ప్రకటించిరి. హెరాల్డుగా నిలిచి ఆ ప్రకటనను చదివినవాడు మేజర్ బార్న్సు అను సైనికోద్యోగి. పదేండ్ల నిజాము మహబూబ్ అలీఖానుడును ఆ సభలో నుండెను. ఆ సందర్భమున వైస్రాయి లిట్టను సంస్థానాధీశులకు పట్టుపతాకములను బహూకరించెను. వానిపై ఐరోపా పద్ధతిలో చిహ్నములను రూపొందించినవాడు రాబర్టు టెయిలరను బెంగాలు సివిలు ఉద్యోగి.

మేవాడు సంస్థాన చిహ్నమును చూడుడు. పైన సూర్యుడు; డాలునకు ఒకవైపు రాజపుత్రుడు, వేరొకవైపు విల్లు దాల్చిన భిల్లుడు. సూర్యవంశపు గర్వమును, కష్టకాలమున రాణా ప్రతాపునకు అండగా నిలిచిన భిల్లుల ఋణమును అందు చదువవచ్చును.

బొమ్మలు మనవే. కాని ఒకనాడు దైవప్రసాదమని చెప్పుకొనిన లాంఛనము ఆ దర్బారులో వైస్రాయి ప్రసాదమైనది. కావున రాజచిహ్నమును చూచినపుడు, అందేమున్నదని మాత్రమే గాక, దానినిచ్చినవారెవరని కూడ అడుగవలెను.