పాతబడినా తగ్గని గిరాకీ.. పికప్ వాహనాల ధర నిలబడేది ఇందుకే

కొన్ననాటి నుంచే వాహనం విలువ తరిగిపోవడం సహజం. బీమా సంస్థలు పాటించే తరుగుదల పట్టికే ఇందుకు నిదర్శనం. వాహనం కొన్న ఆరు నెలలు దాటితే 15 శాతం, ఏడాది దాటితే 20, రెండేళ్లు దాటితే 30, మూడేళ్లు దాటితే 40, నాలుగేళ్లు దాటితే 50 శాతం చొప్పున విలువను తగ్గించి లెక్కకడతారు. అయిదేళ్లు నిండిన వాహనానికి పట్టికలో స్థానమే లేదు. బీమా సంస్థ, యజమాని మాట్లాడుకుని విలువ నిర్ణయించుకోవాల్సిందే.

అయితే సరకు రవాణాకు వాడే కొన్ని చిన్న వాహనాల విషయంలో సంత లెక్క వేరుగా ఉంటోంది. ఎనిమిది, పదేళ్లు తిరిగిన బొలెరో పికప్‌ను అమ్మకానికి పెడితే కొనేవారికి కొదవ ఉండదు. అదే వయసున్న మరికొన్ని కంపెనీల బండ్లు మాత్రం నెలల తరబడి షెడ్డులోనే మిగిలిపోతాయి. రెండూ మోసేది టమాటా పెట్టెలో, పాల క్యాన్లో, సిమెంటు బస్తాలో. బరువులోనూ పెద్ద తేడా ఉండదు. మరి ధరలో ఇంత అంతరం ఎందుకన్నది కొనుగోలుదారులు తెలుసుకోవాల్సిన విషయం. గ్రామాల్లో స్వయం ఉపాధి కోసం ఇలాంటి బండిని కొనే యువకుడికి అది వాహనం మాత్రమే కాదు. కుటుంబం కూడబెట్టిన సొమ్మంతా అందులోనే ఉంటుంది.

చట్టం కల్పించిన వెసులుబాటు

మోటారు వాహనాల చట్టం-1988లోని 66వ సెక్షన్ ప్రకారం మొత్తం బరువు (బండి, సరకు కలిపి) 3,000 కిలోలకు మించని సరకు రవాణా వాహనానికి పర్మిట్ అవసరం లేదు. టాటా ఏస్‌తోపాటు బొలెరో పికప్‌లోని పలు రకాలు ఈ పరిధిలోకే వస్తాయి. ఎక్కువ బరువు మోసేలా ఇటీవల వచ్చిన కొన్ని రకాలు దీన్ని దాటుతాయి కాబట్టి ఆర్‌సీలోని బరువు వివరం చూసుకోవడం మేలు.

లైసెన్సు విషయంలోనూ ఇలాంటి సౌలభ్యమే ఉంది. 7,500 కిలోలకు మించని రవాణా వాహనాన్ని తేలికపాటి వాహన లైసెన్సుతోనే నడపవచ్చని సుప్రీంకోర్టు 2017లో తీర్పునిచ్చింది. అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో దాన్ని ఖరారు చేసింది. కారు లైసెన్సు ఉన్న రైతు బిడ్డ ఎవరైనా ఈ బండిని నడుపుకోవచ్చు. నడపగలిగే వారు ఎక్కువైతే కొనేవారూ ఎక్కువవుతారు. పాత బండి ధర నిలవడానికి ఇదే తొలి మెట్టు.

జీపు నుంచి వచ్చిన గట్టిదనం

మహీంద్రా సంస్థ 1947లో విల్లీస్ జీపుల కూర్పుతో వాహన రంగంలో అడుగుపెట్టింది. 2000లో వచ్చిన బొలెరో ఆ జీపుల కోవకు చెందినదే. అదే పేరుతో పికప్ వాహనాలు వెలువడ్డాయి. వీటికి నిచ్చెన ఆకారంలో ఉండే ఉక్కు చాసిస్, వెనుక కమాను కట్టలు ఆధారం. క్యాబిన్, తొట్టి విడివిడిగా చాసిస్‌పై బిగించి ఉంటాయి. తొట్టి తుప్పుపడితే రేకు మార్చుకోవచ్చు. కమాను విరిగితే విరిగిన పట్టీనే మార్చుకోవచ్చు. ఒక భాగం చెడిందని బండినంతా పక్కన పెట్టాల్సిన పని ఉండదు.

ఈ తరహా పికప్‌లలో దీర్ఘకాలం వాడిన 2,523 సీసీ నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజిన్ మరో కారణం. తక్కువ వేగంలోనే ఎక్కువ లాగుడు శక్తినివ్వడం దీని ప్రత్యేకత. పొలం గట్ల దారులు, ఘాట్ రోడ్లు, వర్షాకాలపు బురదలో బరువుతో కదలాలంటే వేగం కన్నా లాగుడే ముఖ్యం.

2005 మే నెలలో మార్కెట్‌లోకి వచ్చిన టాటా ఏస్‌ది మరో దారి. రెండు సిలిండర్ల 702 సీసీ ఇంజిన్, 750 కిలోల మోత సామర్థ్యంతో వచ్చిన ఈ బండి అప్పటివరకు మూడు చక్రాల ఆటోలు చేస్తున్న పనిని నాలుగు చక్రాలకు మళ్లించింది. ‘ఛోటా హాథీ’ పేరుతో ఊరూరా పరిచితమైంది. ఇంజిన్ చిన్నది కావడంతో విప్పి బిగించే ఖర్చూ తక్కువే. తొలిసారి బండి కొనే వారికి అందుబాటులో ఉండటం దీని పాత వాహనాల గిరాకీకి మూలం.

మరమ్మతు ఊళ్లోనే జరగాలి

పాత వాహనం విలువను నిర్ణయించేది దాని అందం కాదు, మండల కేంద్రంలోని మేస్త్రీ దాన్ని బాగుచేయగలడా లేదా అన్నదే. లక్షలాదిగా అమ్ముడైన బండికి విడిభాగాలు అన్నిచోట్లా దొరుకుతాయి. కంపెనీ సరకు ఖరీదైతే ఇతర తయారీదారుల భాగాలుంటాయి. అవీ భారమనుకుంటే విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల పాత బండ్ల నుంచి తీసిన గేర్‌బాక్స్, హౌసింగ్, తలుపులు లభిస్తాయి. బండి ఒక్కరోజు ఆగితే ఆ రోజు కిరాయి పోతుంది. మదనపల్లె మార్కెట్‌కు చేరాల్సిన టమాటా, కడియం నర్సరీల నుంచి కదలాల్సిన మొక్కలు మేస్త్రీ కోసం ఎదురుచూడవు.

ఇందుకు భిన్నమైన అనుభవమూ తెలుగు నేలపై ఉంది. 1980వ దశకంలో జపాన్ కంపెనీల సహకారంతో దేశంలో పలు తేలికపాటి ట్రక్కులు వచ్చాయి. హైదరాబాద్ ఆల్విన్ సంస్థ నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో ట్రక్కుల కర్మాగారం పెట్టింది. అది తర్వాత మహీంద్రా చేతికి వచ్చింది. టొయోటా సహకారంతో వచ్చిన డీసీఎం ట్రక్కుల సంస్థ 1990వ దశకంలో చేతులు మారింది. నేటికీ ఆ సైజు ట్రక్కు ఏ కంపెనీదైనా మన ప్రాంతంలో ‘డీసీఎం’ అనే పిలుస్తారు. పేరు జనం నోట నిలిచినా, తయారీ ఆగిన తర్వాత విడిభాగాల కొరతతో బండికి విలువ నిలవదన్నది ఇక్కడి పాఠం. ఏ కంపెనీ వాహనమైనా ఉత్పత్తి నిలిచిపోయిందంటే దాని పాత ధర వేగంగా పడిపోవడానికి ఇదే కారణం.

కొత్త ప్రమాణాలు.. పాత ఇంజిన్లు

కాలుష్య నియంత్రణ ప్రమాణాలు కూడా పాత బండ్ల గిరాకీని పెంచాయి. సుప్రీంకోర్టు ఆదేశంతో 2017 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-3 వాహనాల అమ్మకం నిలిచిపోయింది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 అమల్లోకి వచ్చింది. కొత్త ప్రమాణాల ఇంజిన్లు పొగను బాగా తగ్గిస్తాయి. ప్రజారోగ్యానికి ఇది మేలే. అయితే వాటిలో సెన్సర్లు, కంప్యూటర్ నియంత్రణ, పొగను శుద్ధిచేసే పరికరాలు పెరిగాయి. లోపం కనిపెట్టాలంటే స్కానర్ కావాలి. మసిని పట్టే ఫిల్టర్ ఉన్న డీజిల్ వాహనాలు ఎప్పుడూ తక్కువ దూరం, తక్కువ వేగంతో తిరిగితే ఆ ఫిల్టర్ పూడుకుపోయే అవకాశం ఉంది. ఊళ్లలో తిరిగే బండ్ల నడక సరిగ్గా అలాంటిదే. స్పానర్లతో విప్పి సరిచేయగల పాత పంపు ఇంజిన్లను గ్రామీణ మేస్త్రీలు ఇష్టపడటంలో ఆశ్చర్యం లేదు.

అప్పు పుట్టే బండికే ధర

సెకండ్ హ్యాండ్ వాహనాలకు రుణాలిచ్చే ఫైనాన్స్ సంస్థలు ముందుగా చూసేది, వాయిదాలు ఆగితే బండిని స్వాధీనం చేసుకుని ఎంత త్వరగా అమ్ముకోగలమన్నదే. చలామణి ఉన్న బండికి అప్పు సులువుగా దొరుకుతుంది. అప్పు దొరికే బండికి కొనేవారు పెరుగుతారు. కొనేవారు పెరిగితే ధర నిలుస్తుంది.

కొనేటప్పటి ధర ఒక్కటే చూస్తే నష్టపోతామని చెప్పడానికి ఒక ఊహా లెక్క చాలు. రూ.5 లక్షలకు కొన్న పాత బండి నాలుగేళ్ల తర్వాత రూ.3.50 లక్షలకు అమ్ముడైతే తరుగు నెలకు సుమారు రూ.3,125. మరో బండి రూ.4.50 లక్షలకే దొరికినా, నాలుగేళ్లకు రూ.2 లక్షలే పలికితే తరుగు నెలకు సుమారు రూ.5,208. చవకగా కొన్నదే చివరికి ఖరీదైంది.

విలువ తీసే లోపాలు

ఒకే కంపెనీ, ఒకే ఏడాది బండ్లలోనూ ధర వేర్వేరుగా ఉండటానికి గత వినియోగమే కారణం. చేపలు, రొయ్యలు మోసిన బండి తొట్టి అడుగు, చాసిస్‌ను ఉప్పునీరు తినేస్తుంది. పైరంగు చూసి మోసపోకుండా అడుగుకు వెళ్లి పరిశీలించాలి. ఇసుక, కంకర వంటివి మోతాదుకు మించి మోసిన బండ్లలో వెనుక కమాను కట్టలు బిగించే చోట చాసిస్‌కు పగుళ్లు, వెల్డింగ్ అతుకులు కనిపిస్తాయి. అదనపు కమాను పట్టీలు వేయించి ఉంటే అధిక బరువు మోసినట్లు అనుమానించాలి.

ఇంజిన్‌ను చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి చూడాలి. నీలిరంగు పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ కాలుతోందని, బోరు పనికి దగ్గరపడిందని గ్రహించవచ్చు. వేడెక్కిన తర్వాతా తెల్లపొగ ఆగకపోతే హెడ్ గాస్కెట్ దెబ్బతిని ఉండవచ్చు. కిలోమీటర్ల మీటరును మార్చే వీలున్నందున క్లచ్, బ్రేక్ పెడళ్ల అరుగుదల, స్టీరింగ్ ఆటను దానితో పోల్చి చూడాలి.

కాగితాలే కీలకం

బండి ఎంత బాగున్నా కాగితాలు సరిగా లేకుంటే ధర లేనట్లే. ఎఫ్‌సీ గడువు తీరిన రవాణా వాహనాన్ని సక్రమంగా రిజిస్టరైనదిగా చట్టం పరిగణించదు. కొత్త బండికి ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆపై ఏటా ఎఫ్‌సీ చేయించాలి. బీమా, పన్ను, చలానాలు, ఫైనాన్స్ బకాయి వివరాలను ఆర్‌సీతో సరిచూసుకోవాలి. ఎంపరివాహన్ యాప్‌లో వీటిలో చాలావరకు కనిపిస్తాయి. ఆర్‌సీలోని చాసిస్, ఇంజిన్ నంబర్లు బండిపై ఉన్నవాటితో అక్షరం తేడా లేకుండా కలవాలి.

యాజమాన్య బదిలీకి ఫారం 29, 30, ఫైనాన్స్ తొలగింపునకు ఫారం 35 అవసరం. వేరే రాష్ట్రం నుంచి కొంటే ఫారం 28పై నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. హైదరాబాద్‌లో కొని ఆంధ్రప్రదేశ్ జిల్లాలకు తెచ్చే బండ్లకూ ఇదే వర్తిస్తుంది. అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లోగా అమ్మినవారు, 30 రోజుల్లోగా కొన్నవారు రవాణా శాఖకు తెలపాలని చట్టంలోని 50వ సెక్షన్ చెబుతోంది.

సంతకాలు చేసిన ఖాళీ ఫారాలు చేతిలో పెట్టి బండి అప్పగించే అలవాటు పల్లెల్లో ఉంది. ఇది ప్రమాదకరం. బండి ఎవరి చేతిలో ఉన్నా, రికార్డుల్లో ఎవరి పేరుంటే ప్రమాద పరిహార బాధ్యత వారిదేనని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. బీమా లేని బండి అయిదో చేతికి మారి ప్రమాదానికి గురైతే, ఏనాడో అమ్మేసిన మొదటి యజమాని పొలం జప్తుకు వచ్చే పరిస్థితి ఏర్పడవచ్చు.

ముందున్న రోజులు

ఈ గిరాకీ శాశ్వతమని భావించరాదు. కాలం చెల్లిన వాహనాలను తుక్కుగా మార్చే విధానాన్ని కేంద్రం 2021లో ప్రారంభించింది. 15 ఏళ్లు దాటిన వాహనాల ఎఫ్‌సీ రుసుములు 2022 ఏప్రిల్ నుంచి భారీగా పెరిగాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి సరకు రవాణా వాహనాలపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గడంతో కొత్త బండ్ల ధర దిగివచ్చింది. టాటా ఏస్ విద్యుత్ రకం 2022లోనే వెలువడింది. ఇవన్నీ పాత డీజిల్ బండి ధరపై ఒత్తిడి తెచ్చేవే.

కాబట్టి బండి వయసు, రుణ వాయిదాల కాలం రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. పన్నెండేళ్ల బండిపై నాలుగేళ్ల వాయిదాలు పెట్టుకుంటే, అప్పు తీరేనాటికి దాని వయసు 16 ఏళ్లవుతుంది. అప్పటికి అమ్మకానికి పెట్టినా, ఎఫ్‌సీ ఖర్చు లెక్కగట్టి కొనేవారు ధర తగ్గించడం ఖాయం. చాసిస్ గట్టిగా ఉండి, కాగితాలు సక్రమంగా ఉండి, 15 ఏళ్లు నిండకముందే అప్పు తీరిపోయే బండిని ఎంచుకోవడమే శ్రేయస్కరం.