తీరజలాలు, వాతావరణం మధ్య కార్బన్ డయాక్సైడ్ వినిమయం

వాతావరణంలోని కార్బన్ డయాక్సైడ్ సముద్రపు ఉపరితలం గుండా నీటిలోకి దిగడం, నీటిలో కరిగి ఉన్నది తిరిగి గాలిలోకి వెలువడడం నిరంతరం సాగే ప్రక్రియ. ఇది నదీముఖాలలో, ఉప్పుకయ్యలలో, మడ అడవుల మధ్య పాయలలో, సుమారు 200 మీటర్ల లోతు వరకు విస్తరించిన ఖండతీరపు అంచు మీది నీళ్లలో జరిగినప్పుడు దానిని తీరజలాల వినిమయం అంటారు. ఖండతీరపు అంచులు ప్రపంచ సముద్రాల విస్తీర్ణంలో 7, 8 శాతానికి మించవు. అయినా నదులు మోసుకొచ్చే పోషకాల వల్ల, అడుగునుంచి పైకి లేచే చల్లని నీటి వల్ల ఇక్కడ జీవోత్పత్తి అధికం. సముద్రగర్భంలో పూడుకుపోయే సేంద్రియ కార్బన్‌లో అత్యధిక భాగం ఈ సన్నని పట్టీలోనే చేరుతుంది. మనిషికి అందుబాటులో ఉన్న ఈ నీళ్ల లెక్క నడిసముద్రపు లెక్క కన్నా చాలా ఆలస్యంగా తేలింది. తీరజలాలు కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటాయా, వదులుతాయా అన్న మౌలిక ప్రశ్న మీదనే శాస్త్రజ్ఞులు దాదాపు రెండు దశాబ్దాల పాటు వాదించుకున్నారు.

వినిమయం ఏ దిశలో సాగుతుందో పాక్షిక పీడనం నిర్ణయిస్తుంది. వాయుమిశ్రమంలో ఒక్కొక్క వాయువు తన వాటాగా కలిగించే పీడనమే పాక్షిక పీడనం; నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ పాక్షిక పీడనం గాలిలోని దానికన్నా ఎక్కువైతే వాయువు బయటికి పోతుంది, తక్కువైతే లోపలికి వస్తుంది. ఎంత వేగంగా పోతుందన్నది ప్రధానంగా గాలి వేగం మీద ఆధారపడుతుంది. నీటిలో చేరిన కార్బన్ డయాక్సైడ్‌లో చాలా భాగం వాయురూపంలో నిలవక బైకార్బనేటుగా, కార్బనేటుగా మారిపోతుంది కాబట్టి సముద్రజలంలోని మొత్తం అకర్బన కార్బన్‌లో వాయువుగా మిగిలేది ఒక శాతం లోపే. నీరు ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే పాక్షిక పీడనం 4 శాతానికి పైగా పెరుగుతుంది. వృక్షప్లవకాలు, అంటే నీటిలో తేలియాడే సూక్ష్మమైన మొక్కలు, కిరణజన్య సంయోగక్రియ జరిపితే తగ్గుతుంది. సూక్ష్మజీవులు సేంద్రియ పదార్థాన్ని కుళ్లబెడితే మళ్లీ పెరుగుతుంది. నడిసముద్రంలో ఈ మార్పులు నెలల తరబడి నెమ్మదిగా సాగితే, తీరంలో ఒక్క పోటుకూ పాటుకూ మధ్యనే తారుమారు కావచ్చు.

ఈ వినిమయాన్ని కొలిచిన తొలివారిలో డెన్మార్క్ శరీరధర్మ శాస్త్రవేత్త ఆగస్ట్ క్రోగ్ ముఖ్యుడు. తరవాతి కాలంలో 1920 నోబెల్ బహుమతి పొందిన క్రోగ్, 1902లో గ్రీన్‌లాండ్‌కు చెందిన డిస్కో ద్వీప ప్రాంతానికి వెళ్లి అక్కడి నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ పీడనాన్ని పరీక్షించి, వాతావరణంలోని ఆ వాయువు పరిమాణాన్ని సముద్రమే క్రమబద్ధం చేస్తుందని 1904లో ప్రచురించిన వ్యాసంలో ప్రతిపాదించాడు. 1930లలో ఫిన్లాండ్‌కు చెందిన కుర్ట్ బుక్ ఉత్తర అట్లాంటిక్‌లో కొలతలు తీశాడు. 1957లో రోజర్ రెవెల్, హాన్స్ సూస్ ప్రచురించిన వ్యాసం సముద్రజలపు రసాయన స్వభావమే కార్బన్ డయాక్సైడ్‌ను విరివిగా ఇముడ్చుకోనివ్వదని చూపింది. మరుసటి ఏడాది హవాయి దీవులలోని మౌనా లోవాలో చార్లెస్ డేవిడ్ కీలింగ్ మొదలుపెట్టిన వాతావరణ కొలతలు ఈ ప్రశ్నకు తొందరను తెచ్చాయి. మనుషులు మండించే ఇంధనాల నుంచి వెలువడిన కార్బన్‌లో ఎంత భాగం సముద్రంలోకి పోతున్నదో తెలియనిదే గాలిలోని పెరుగుదల అర్థం కాదు.

అయితే ఆ తరవాత జరిగిన పెద్ద సముద్రయాత్రలన్నీ నడిసముద్రం వైపే సాగాయి. ఓడలో నీటిని నిరంతరం తోడి, దానితో సమతుల్యం పొందిన గాలిని విశ్లేషించే పద్ధతిలో తారో తకహాషి, ఆయన సహచరులు దశాబ్దాల పాటు కూడబెట్టిన కొలతల నుంచి ప్రపంచ సముద్రాల తొలి సమగ్ర పటాలు తయారయ్యాయి. ఆ పటాలలో ఒక్కొక్క గడి అక్షాంశంలో 4 డిగ్రీలు, రేఖాంశంలో 5 డిగ్రీలు. అంటే ఉత్తర దక్షిణాలుగా 440 కిలోమీటర్లకు పైమాటే. ఖండతీరపు అంచు సగటు వెడల్పు వంద కిలోమీటర్లకు లోపే ఉండగా, అంత పెద్ద గడిలో తీరం కనిపించకుండా పోవడం సహజం.

తీరం గురించిన తొలి వాదాలు కొలతల నుంచి కాక లెక్కల నుంచి పుట్టాయి. 1981లో జాన్ వాల్ష్, ఆయన సహచరులు ఖండతీరపు అంచుల మీద పెరిగే వృక్షప్లవకాలలో కొంత భాగం వాలు ప్రాంతాలలోకి జారి పూడుకుపోతుందనీ, కాబట్టి తీరజలాలు కార్బన్‌ను తీసివేసే చోటులనీ వాదించారు. 1987లో స్టీఫెన్ స్మిత్, ఫ్రెడ్ మెకెంజీ నదులు తెచ్చే సేంద్రియ పదార్థం సముద్రంలో కుళ్లుతుంది కాబట్టి సముద్రం, ముఖ్యంగా దాని అంచు, మొత్తం మీద తనలో తయారయ్యేదానికన్నా ఎక్కువ సేంద్రియ పదార్థాన్ని దహించుకుని కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుందని వాదించారు. రెండు వాదాలకూ నేరుగా నీటిలో కొలిచిన ఆధారం తక్కువే.

ఆ ఆధారం 1990ల చివర లభించింది. విచిత్రమేమంటే అది రెండు పక్షాలనూ బలపరిచింది. 1998లో బెల్జియంకు చెందిన మిషెల్ ఫ్రాంకిన్యూల్ బృందం యూరప్ నదీముఖాలలో తీసిన కొలతల ఆధారంగా అవి ఏడాదికి 3 నుంచి 6 కోట్ల టన్నుల కార్బన్‌ను గాలిలోకి వదులుతున్నాయనీ, అది పశ్చిమ యూరప్‌లో మానవ కార్యకలాపాల నుంచి వెలువడేదానిలో 5 నుంచి 10 శాతానికి సమానమనీ ప్రకటించింది. మరుసటి ఏడాది జపాన్ శాస్త్రజ్ఞుడు షిజువో త్సునొగై, సహచరులు తూర్పు చైనా సముద్రంలో దీనికి విరుద్ధమైన సంగతిని చూపారు. లోతు తక్కువైన తీరజలం శీతకాలంలో నడిసముద్రం కన్నా ఎక్కువగా చల్లబడి బరువెక్కి, కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని, అడుగు వెంబడి లోతు సముద్రంలోకి జారుతుంది. ఖండతీరపు పంపు అని పేరుపొందిన ఈ యంత్రాంగం ప్రపంచమంతటా అదే జోరుతో పనిచేస్తే ఏడాదికి 100 కోట్ల టన్నుల కార్బన్ సముద్రంలోకి చేరుతుందని వారు లెక్కగట్టారు. ఒక్క సముద్రం నుంచి భూగోళానికి చేసిన ఆ విస్తరణ నిలవలేదు గానీ, యంత్రాంగం మాత్రం నిలిచింది.

2001, 2002లలో నాలుగు ఋతువులలోనూ యూరప్‌లోని ఉత్తర సముద్రం (నార్త్ సీ) అంతటా తీసిన కొలతలను హెల్ముత్ థామస్, సహచరులు 2004లో ప్రచురించారు. ఈ సముద్రపు ఉత్తర భాగం లోతైనది; అక్కడ వేసవిలో పైపొర, అడుగుపొర విడిపోవడం వల్ల పైన పెరిగిన ప్లవకాలు కిందికి రాలి కుళ్లినా, వెలువడిన కార్బన్ డయాక్సైడ్ అడుగునే ఉండిపోయి అట్లాంటిక్‌లోకి తరలిపోతుంది. దక్షిణ భాగంలో లోతు 50 మీటర్ల లోపే కావడంతో నీరు అడుగుదాకా కలిసిపోయి, కుళ్లినదంతా తిరిగి పైకి చేరుతుంది. మొత్తం మీద పీల్చుకున్నదానిలో 90 శాతానికి పైగా అట్లాంటిక్‌లోకే పోతున్నదని తేలింది. ఒకే సముద్రంలో రెండు ప్రవర్తనలు ఉన్నాయన్న ఈ పరిశీలన పాత వివాదాన్ని చాలావరకు పరిష్కరించింది. ఆ తరవాతి సంకలనాలలో సమశీతోష్ణ, ధ్రువ ప్రాంతాల ఖండతీరాలు పీల్చుకునేవనీ, ఉష్ణమండల తీరాలు వదిలేవనీ, నదీముఖాలు దాదాపు అన్నిచోట్లా వదిలేవేననీ ఒక అభిప్రాయం స్థిరపడింది. అంకెలు మాత్రం కుదురుకోలేదు: నదీముఖాల నుంచి వెలువడే కార్బన్ 2009 నాటి అంచనాలో ఏడాదికి సుమారు 50 కోట్ల టన్నులు కాగా, 2013 నాటికి అది 10 కోట్ల టన్నులకు పడిపోయింది. ఖండతీరపు అంచులు పీల్చుకునేది ఏడాదికి దాదాపు 20 కోట్ల టన్నులని 2014లో గౌలవెన్ లరుయెల్, సహచరులు లెక్కించారు.

ఈ అంకెలు అలా కదలడానికి ఒక ముఖ్య కారణం ఉష్ణమండల నదీముఖాలలో కొలతలు అతి తక్కువగా ఉండడం. ఆ లోటును కొంత పూరించింది జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ విశాఖపట్నం ప్రాంతీయ కేంద్రంలో వి.వి.ఎస్.ఎస్. శర్మ, సహచరులు చేసిన పరిశోధన. గోదావరి ముఖద్వారం మీద వారు 2011లో ప్రచురించిన ఫలితాలు ఋతుపవన నదుల స్వభావాన్ని స్పష్టంగా చూపుతాయి. ధవళేశ్వరం ఆనకట్ట దిగువన ఎండాకాలమంతా మంచినీటి ప్రవాహం దాదాపు ఆగిపోయి, సముద్రపు నీరు పాయలోకి ఎగదట్టుతుంది. ఆ నెలలలో నీటిలోని పాక్షిక పీడనం గాలిలోని దానికి చేరువలోనే ఉంటుంది. వర్షాకాలంలో గేట్లు ఎత్తాక వచ్చే వరద పరీవాహక ప్రాంతపు మట్టినీ, కుళ్లిన సేంద్రియ పదార్థాన్నీ మోసుకొచ్చి, పాక్షిక పీడనాన్ని అనేక రెట్లు పెంచుతుంది. ఏడాది మొత్తం ఉద్గారంలో అధిక భాగం ఆ కొద్ది వారాలలోనే జరిగిపోతుంది కాబట్టి, పడవ వేయడానికి వీలుగా ఉండే వేసవిలో మాత్రమే కొలిచినవాడికి గోదావరి అసలు స్వభావం అంతుపట్టదు. 2012లో ఇదే బృందం బంగాళాఖాతపు పశ్చిమ తీరాన్ని పరిశీలించి, ద్వీపకల్ప నదుల నీరు కలిసే దక్షిణ భాగం కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుండగా, గంగ నీటి ప్రభావం ఉన్న ఉత్తర భాగం పీల్చుకుంటున్నదని గుర్తించింది. తీరజలాల ఆమ్లత పెరగడంలో భూమి నుంచి గాలిలో కొట్టుకొచ్చే సల్ఫేటు, నైట్రేటు కాలుష్యానికీ పాత్ర ఉన్నదని 2015లో వారు ప్రతిపాదించారు.

ప్రపంచవ్యాప్తంగా ఓడలు తీసిన కొలతలను నాణ్యత పరీక్షించి ఒకచోట చేర్చే సముద్రోపరితల కార్బన్ డయాక్సైడ్ అట్లాస్ 2011లో వెలువడడంతో, తీరం కూడా సూక్ష్మమైన గళ్లతో పటమెక్కింది. ఆ కొలతల ఆధారంగా 2018లో లరుయెల్ బృందం, గాలిలో పెరుగుతున్నంత వేగంగా అనేక ఖండతీరాల నీటిలో కార్బన్ డయాక్సైడ్ పెరగడం లేదనీ, అంటే అక్కడి తీరాలు పీల్చుకునే శక్తి హెచ్చుతున్నదనీ పేర్కొన్నది. తీరపు పరిధిని మరింత వెడల్పుగా తీసుకుని లోర్ రెస్ప్లాండీ, సహచరులు 2024లో ప్రచురించిన సమీక్షలో తీరజలాలు పీల్చుకునే కార్బన్‌కు కొలతల ఆధారంగా ఏడాదికి 44 కోట్ల టన్నులు, నమూనాల ఆధారంగా 72 కోట్ల టన్నులు అన్న రెండు అంచనాలు ఉన్నాయి. అదే సమీక్ష ప్రకారం, తీరజలాలు వదిలే మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ వాయువుల వేడిమి ప్రభావం ఈ మేలులో 30 నుంచి 60 శాతాన్ని హరిస్తున్నది.