గుమ్మం దగ్గర కుదిరిన నమ్మకం

ఆన్‌లైన్ కొనుగోళ్ల మీద మన విశ్వవిద్యాలయాల్లో వచ్చిన పరిశోధనలు తిరగేస్తే తరచూ ఒకే మాట కనిపిస్తుంది: వెబ్‌సైటు వాడడం తేలిక, ధర తక్కువ, సమయం ఆదా, అందుకే జనం అటు మొగ్గారు. వీటిలో చాలావాటికి ఆధారం 1989లో ఫ్రెడ్ డేవిస్ ప్రతిపాదించిన నమూనా. ఉద్యోగులు పనిలో కంప్యూటర్ ప్రోగ్రాములను ఎందుకు వాడతారు, ఎందుకు పక్కన పెడతారు అన్నది ఆయన ప్రశ్న. ఆఫీసు ప్రోగ్రాం నచ్చకపోతే ఉద్యోగి జేబుకు చిల్లు పడదు. ముక్కూమొహం తెలియని అంగడికి మూడు వేలు కట్టి, చీర వస్తుందో రాదో అని ఎదురుచూసే మనిషి సంగతి వేరు. పత్రికల కథనం ఇంకా పలచన: డిస్కౌంట్లు కురిశాయి, జియోతో డేటా చవకైంది, జనం మారిపోయారు. తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఈ కథ నిలవదు.

చూడని సరుకును తెప్పించుకోవడం మనకు కొత్త కాదు. పార్సిల్ చేరాక పోస్ట్‌మన్‌కు డబ్బు కట్టే వీపీపీ పద్ధతిని తపాలా శాఖ 1877లోనే మొదలుపెట్టింది. ఇంటర్నెట్ అంగళ్లు 1999లో ఫ్యాబ్‌మార్ట్‌తో, 2000లో బాజీతో ఊపందుకున్నాయి. బాజీని 2004లో ఈబే కొనేసింది. 2002లో ఐఆర్‌సీటీసీ రైలు టికెట్లు నెట్‌లో అమ్మసాగింది. 2007లో ఫ్లిప్‌కార్ట్ పుస్తకాలతో మొదలైంది. దాని తొలి పార్సిల్ చేరింది మన మహబూబ్‌నగర్‌కే. ఈ దశలో బాగా అమ్ముడైనవాటిని గమనించండి: టికెట్లు, పుస్తకాలు. ఎక్కడ కొన్నా అదే టికెట్టు, అదే పుస్తకం. నాణ్యత గురించి అనుమానానికి తావులేని సరుకు అన్నమాట. చెప్పులు, చీరలు, ఫోన్లు కొనేంత ధైర్యం ఇంకా రాలేదు.

ఆ ధైర్యం ఎప్పుడు, ఎలా వచ్చిందన్నదే అసలు వివాదం. నా లెక్కలో 2010 నుంచి 2016 దాకా, అంటే దాదాపు జియో రాకకు ముందే, సాగిన ఆరేళ్లు కీలకం.

అంతకు కాస్త ముందు, 2009 ఆగస్టు నుంచి, రిజర్వ్ బ్యాంక్ ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు రెండో అంచె ధ్రువీకరణ తప్పనిసరి చేసింది. భద్రత పెరిగి భయం పోయిందని కొందరు రాస్తారు. భద్రత పెరిగిన మాట నిజమే. కానీ ఆనాటి నెట్ వేగంతో పాస్‌వర్డ్ పేజీ మధ్యలో ఆగిపోయేది. ఖాతాలో డబ్బు తెగేది, ఆర్డరు మాత్రం నమోదయ్యేది కాదు. తిరిగి జమ అయ్యేదాకా గుండె దడే. పైగా క్రెడిట్ కార్డు ఉన్నవాళ్లే కొద్దిమంది.

2010లో ఫ్లిప్‌కార్ట్ క్యాష్ ఆన్ డెలివరీ (సీఓడీ) తెచ్చింది. అందరూ ఇక్కడే చప్పట్లు కొట్టి ముందుకు వెళ్లిపోతారు. నాకు ఇక్కడో చిక్కు కనిపిస్తుంది. వీపీపీ కూడా సరుకు చేరాక డబ్బు కట్టే పద్ధతే కదా! శతాబ్దం పైగా నడిచినా అది జనం చేత ఇంతగా ఫోన్లూ చీరలూ కొనిపించలేదేం? వీపీపీలో డబ్బు కట్టాకే కట్ట విప్పాలి. లోపల చెత్త ఉంటే పోస్ట్‌మన్ చేయగలిగిందేమీ లేదు. మద్రాసుకో బొంబాయికో ఉత్తరం రాసి కూర్చోవాలి. తొలినాళ్ల సీఓడీలోనూ ముందు డబ్బు, తర్వాతే పెట్టె విప్పడం. కాబట్టి చేతికి నగదు ఇవ్వడం ఒక్కటే నమ్మకం పుట్టించిందనడం కుదరదు.

తేడా వెనక్కి తీసుకోవడంలో ఉంది. 30 రోజుల్లో సరుకు మార్చి ఇస్తామన్న హామీ సీఓడీకి జతపడింది. సంస్థలు సొంత డెలివరీ వ్యవస్థ పెట్టుకోవడంతో వీధికి వచ్చే మనిషి కూడా తరచూ ఒకడే అయ్యాడు. "అన్నా, మా పార్సిల్ వచ్చిందా?" అని అతనికే ఫోన్ చేయవచ్చు. కొన్నది వెబ్‌సైటులో, నమ్మింది అతన్ని. 2011లో ఫ్లిప్‌కార్ట్ వేసిన, పిల్లలు పెద్దవాళ్ల వేషం కట్టిన టీవీ ప్రకటనలను గుర్తుచేసుకోండి. వాటిలో గట్టిగా చెప్పింది సీఓడీ గురించి, మార్పిడి గురించి, అసలు సరుకు గురించి. కొనేవాడి భయం ఏమిటో అమ్మేవాడికి పరిశోధకుల కంటే బాగా తెలుసు.

డిస్కౌంట్ల పాత్ర లేదని అనను. అయితే వాటి హోరు తర్వాతిది. 2014 అక్టోబర్ 6న ఫ్లిప్‌కార్ట్ తొలి బిగ్ బిలియన్ డే రోజు సైటు మొరాయించింది, సరుకు నిండుకుంది, ధరల మీద ఫిర్యాదులు వెల్లువెత్తాయి; వ్యవస్థాపకులు క్షమాపణ చెప్పుకున్నారు. అలిగినవాళ్లు కొందరు అమెజాన్‌కు వెళ్లి ఉండవచ్చు, ఆన్‌లైన్‌ను మాత్రం జనం వదల్లేదు. చవక ధరే నమ్మకానికి మూలమైతే ఆ రోజుతో అది కూలిపోవాలి.

నోట్ల రద్దు మరో పరీక్ష. 2016 నవంబర్‌లో సీఓడీని కొన్ని సంస్థలు ఆపాయి, కొన్ని పరిమితి పెట్టాయి. నగదు రాగానే అదీ తిరిగొచ్చింది. ఇప్పుడు ఫోన్‌పే చేతిలో ఉన్నవాళ్లు కూడా గుమ్మం దగ్గరే స్కాన్ చేసి కడుతున్నారు. నోటు పోయినా సరుకు ముందు, సొమ్ము తర్వాత అన్న వరస పోలేదు.

దీనికి మూల్యం లేకపోలేదు. సరదాగా ఆర్డరిచ్చి, వచ్చాక వద్దనే వాళ్ల వల్ల చిన్న అమ్మకందార్లు రానూపోనూ ఖర్చు భరించారు. ఈ నమ్మకం కొంత వాళ్ల నష్టం మీదే నిలబడింది.

ఇక నేటి సంగతి. ఆ ఆరేళ్లలో కూడబెట్టిన నమ్మకాన్ని సైట్లు ఇప్పుడు ఖర్చు పెట్టుకుంటున్నాయని నా అభిప్రాయం. చివరి పేజీలో తేలే అదనపు రుసుములు, "రెండే మిగిలాయి" అన్న తొందరపెట్టు, అడగకుండా బుట్టలో చేరే బీమా, కొనుక్కున్న సమీక్షలు. చట్టాలు లేక కాదు. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలో పరిష్కరించాలి. సమీక్షల ప్రమాణం ఐఎస్ 19000 కూడా 2022లో వచ్చింది, కానీ పాటించడాన్ని సంస్థల ఇష్టానికే వదిలేశారు. 2023 నవంబర్ 30న కేంద్రం ఇలాంటి 13 రకాల మాయలను గుర్తించి నిషేధించింది. 2025 జూన్‌లో మాత్రం, మూడు నెలల్లో మిమ్మల్ని మీరే తనిఖీ చేసుకోండని సంస్థలకే చెప్పింది. అమ్మేవాడి తూకాన్ని అమ్మేవాడే పరీక్షించుకుంటే ఫలితం ఊహించలేనిది కాదు.

ఆ తనిఖీని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ బయటి నిపుణులతో చేయించి, ఫలితాలను సంస్థల పేర్లతో ప్రకటించాలి. పాఠకులు కూడా మోసపోయిన ప్రతిసారీ యాప్ తీసేసి ఊరుకోకుండా తెర ఫొటో దాచుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఫిర్యాదు నమోదు కాకపోతే ఆ మోసం ప్రభుత్వ లెక్కల్లోకి రాదు.