హుసాముద్దీన్ ఆడలేకపోయిన సెమీఫైనల్

2024 పారిస్ ఒలింపిక్స్‌లో పురుషుల 57 కిలోల బాక్సింగ్‌లో కాంస్యం అందుకున్న ఇద్దరిలో ఒకడు హవియెర్ ఇబానెజ్. పుట్టింది క్యూబాలో, ఆడింది బల్గేరియాకి. అంతకు పదిహేను నెలల ముందు, తాష్కెంట్‌లో జరిగిన ప్రపంచ పోటీల క్వార్టర్‌ఫైనల్లో అతన్ని ఓడించినవాడు మన నిజామాబాద్ బాక్సర్ మొహమ్మద్ హుసాముద్దీన్. ఈ సంగతి మనలో ఎంతమందికి గుర్తుంది?

ఆ బౌట్ నల్లేరు మీద నడకేం కాదు. తీర్పు సమీక్ష దాకా వెళ్లి, చివరికి 4-3తో హుసాముద్దీన్ గెలిచాడు. ఆ గెలుపులోనే మోకాలు దెబ్బతింది. సెమీఫైనల్లో ఎదురుగా ఉన్నది క్యూబా కుర్రాడు సైడెల్ హోర్టా. హుసాముద్దీన్ బరిలో దిగలేకపోయాడు. హోర్టా వాకోవర్‌తో ఫైనల్‌కి పోయి, అక్కడ ఉజ్బెకిస్తాన్ బాక్సర్ అబ్దుమాలిక్ ఖలోకోవ్ చేతిలో ఓడాడు. ఆ ఖలోకోవే తర్వాత పారిస్‌లో స్వర్ణం గెలిచాడు.

బాక్సింగ్‌లో సెమీస్‌లో ఆగిపోయిన ఇద్దరికీ కాంస్యం ఇస్తారు. కాబట్టి పట్టికలో హుసాముద్దీన్ పేరు పక్కన ఉన్నది 'కాంస్యం' అన్న ఒక్క మాట. ఓడి తెచ్చుకున్నాడా, ఆడకుండానే ఆగిపోయాడా అన్నది అందులో కనపడదు. మా పల్నాడులో మిర్చి రైతుని పంట ఎట్లా పండించావని ఎవరూ అడగరు. యార్డులో క్వింటా ఎంత పలికిందనే అడుగుతారు. ఆటగాళ్ల విషయంలోనూ మనం చేసేది అదే.

నేను సాఫ్ట్‌వేర్ పని చేసేవాణ్ణి. ప్రోగ్రామ్ ఆగిపోతే చివరి లైన్ ఒక్కటే చూసి ఊరుకోలేం, లాగ్ మొత్తం పైనుంచి చదవాలి. హుసాముద్దీన్ కెరీర్‌నీ అట్లా చదివి చూశాను. 2018 గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 56 కిలోల సెమీస్‌లో అతను ఓడింది ఇంగ్లండ్ బాక్సర్ పీటర్ మెక్‌గ్రెయిల్ చేతిలో. స్వర్ణం మెక్‌గ్రెయిల్‌దే. 2022 బర్మింగ్‌హామ్‌లో 57 కిలోల సెమీస్‌లో ఓడించిన ఘనా బాక్సర్ జోసెఫ్ కామీ రజతం పట్టుకెళ్లాడు. అక్కడ స్వర్ణం ఉత్తర ఐర్లండ్‌కి ఆడిన జూడ్ గాలఘర్‌ది. 2024లో ఇటలీలో జరిగిన ఒలింపిక్ అర్హత పోటీల్లో, మోకాలి గాయం తర్వాత తిరిగొచ్చిన హుసాముద్దీన్‌కి మొదటి బౌట్‌లోనే ఎదురైనవాడు ఆ గాలఘరే. పారిస్ దారి అక్కడితో మూసుకుపోయింది.

ఇబానెజ్‌ని ఓడించాడు కాబట్టి పారిస్‌లో పతకం ఇతనికే వచ్చేదని నేను అనను. బాక్సింగ్‌లో అట్లాంటి లెక్కలు కుదరవు. ఒకరోజు గెలిచినవాడు ఇంకోరోజు ఓడతాడు. నేననేది ఒకటే, ఒలింపిక్ పతకం తీసుకున్నవాళ్ల సరసన నిలబడగల బాక్సర్ ఒకడు మన మధ్య ఉన్నాడు, ఆ సంగతి మనం పట్టించుకోలేదు.

నిజామాబాద్ బాక్సింగ్ అనగానే అందరూ చెప్పే పేరు నిఖత్ జరీన్. చెప్పాల్సిందే. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ విజేత ఆమె. అయితే 2009లో ఆ అమ్మాయి చేతికి గ్లవ్స్ తొడిగించి నేర్పిన కోచ్ షంసముద్దీన్. హుసాముద్దీన్ తండ్రి ఆయనే. ఆ ఇంట్లో అన్నలూ బాక్సర్లే. కొడుకు పెరిగిన ఆ శిక్షణలోనే ఒక ప్రపంచ విజేత కూడా తయారైంది. వారసత్వం గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండు కథల్నీ కలిపే చెప్పుకోవాలి. హుసాముద్దీన్ తర్వాత సైన్యంలో చేరి, సర్వీసెస్ తరఫున ఆడాడు.

ఇంకో లెక్క చూడండి. 2009లో విజేందర్ సింగ్‌తో మొదలుపెట్టి తాష్కెంట్ దాకా, పురుషుల ప్రపంచ పోటీల్లో మన దేశానికి వచ్చిన పతకాలు మొత్తం పది. అందులో మూడు తాష్కెంట్‌వే: దీపక్ భోరియా, నిశాంత్ దేవ్, హుసాముద్దీన్. ఆ పదిమందిలో తెలుగు నేల మీంచి వెళ్లినవాడు హుసాముద్దీన్ ఒక్కడే.

మా దాచేపల్లి పక్కనుంచి పారే నాగులేటికి ఎగువన కారంపూడి ఉంది. ఏటా కార్తీకంలో అక్కడ వీరుల ఉత్సవాలు జరుగుతాయి. బాలచంద్రుడు ఆ యుద్ధం నుంచి గెలిచి తిరిగి రాలేదు. అయినా ఇన్ని వందల ఏళ్లుగా జనం అతని కథ పాడించుకుంటూనే ఉన్నారు. ఎంతవరకు నిలబడ్డాడు, ఎవరితో తలపడ్డాడు అన్నది కూడా లెక్కలోకి వస్తుందని మా వాళ్లకి తెలుసు. ఆటల దగ్గరికొచ్చేసరికి ఆ తెలివి ఏమైపోతుందో! తాష్కెంట్ క్వార్టర్‌ఫైనల్ వీడియో దొరికితే ఒకసారి చూడండి. పారిస్‌లో ఎవరికి ఏ పతకం వచ్చిందో మర్చిపోయి చూడండి.