డిశ్చార్జి సమ్మరీకి టీకా తాత్పర్యం

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు చేతికిచ్చే డిశ్చార్జి సమ్మరీని ఒక డాక్టరు మరో డాక్టరు కోసం రాస్తాడు. దాని అవసరం ఎక్కువగా ఉండేది మాత్రం ఇంట్లోవాళ్లకు. వాళ్లేమో ‘కండిషన్ స్టేబుల్’ అన్న చోట ఊపిరి పీల్చుకుని, మందుల పట్టిక ఫోన్‌లో ఫొటో తీసుకుని, ఫైలు బీరువాలో పెట్టేస్తారు. అరుదైన పక్షవాతం నుంచి బయటపడి, పసిబిడ్డతో పుట్టింటికి చేరే బాలింతల కాగితాల్లో మామూలుగా కనబడే మాటలు కొన్ని ఉంటాయి. వాటికే ఈ వ్యాఖ్యానం.

‘సి.వి.టి. – సుపీరియర్ సాజిటల్ సైనస్, లెఫ్ట్ ట్రాన్స్‌వర్స్ సైనస్’

సి.వి.టి. అంటే సెరిబ్రల్ వీనస్ థ్రాంబోసిస్. మనకు బాగా తెలిసిన పక్షవాతం మెదడుకు రక్తం తెచ్చే ధమని మూసుకుపోయి వస్తుంది. ఇక్కడ గడ్డ కట్టింది రక్తాన్ని వెనక్కి తీసుకుపోయే సిరలో. మొత్తం పక్షవాతం కేసుల్లో ఇలాంటివి నూటికి ఒకటి కూడా ఉండవు. సైనస్ అన్నారు కదా అని ముక్కు డాక్టరు దగ్గరికి పరుగెత్తనక్కర్లేదు. ఇవి మెదడు పొరల మధ్య చెడు రక్తం పారే కాలువలు. సాజిటల్ సైనస్ నుదుటి వెనక మొదలై నడినెత్తి కింద నుంచి వెనక్కి పోతుంది. దిగువన తూము పూడుకుపోతే ఎగువ చేలు మునిగినట్టు, రక్తం వెనక్కి తన్ని మెదడు ఉబ్బుతుంది, సన్న నాళాలు చిట్లుతాయి.

‘హెడేక్, ఒన్ ఎపిసోడ్ ఆఫ్ సీజర్స్, ప్లెయిన్ సి.టి. నార్మల్’

ఈ జబ్బులో నూటికి తొంభై మంది దాకా మొదట చెప్పేది తలనొప్పే. బాలింత తలనొప్పి అంటే నిద్ర చాలక అంటారు, సిజేరియన్‌కు వెన్నులో ఇచ్చిన మత్తుసూది వల్ల అంటారు. ఆ సూది నొప్పి సాధారణంగా పడుకుంటే తగ్గుతుంది. ఇది పడుకుంటే, దగ్గితే, వంగితే ఎక్కువవుతుంది. ఇక ఫిట్స్ వస్తే ఊళ్లో గుర్రపువాతం (ఎక్లాంప్సియా) అనేస్తారు. డాక్టర్లూ ముందు దాన్నే అనుమానిస్తారు, అందులో తప్పు లేదు. మామూలు సి.టి. స్కాన్‌లో కొందరికి ఏమీ కనబడదు. సిరలను ప్రత్యేకంగా చూపించే ఎం.ఆర్. వీనోగ్రామ్ తీస్తే గాని గుట్టు బయటపడదు. ‘స్కాన్ నార్మల్’ అని ఇంటికి పంపాక కూడా నొప్పి ముదురుతుంటే మళ్లీ వెళ్లాలి, మొహమాటపడకూడదు.

‘పోస్ట్‌పార్టమ్ డే 12’

కాన్పు తర్వాత తొలి ఆరు వారాలు రక్తానికి గడ్డకట్టే గుణం ఎక్కువగా ఉంటుంది. కాన్పులో పోయే రక్తాన్ని ఆపడానికి ప్రకృతి చేసిన ఏర్పాటు అది. దానికి రక్తహీనత, ఒంట్లో నీరు తగ్గడం తోడైతే ముప్పు పెరుగుతుంది. ఇక్కడ నా కోపం దాచుకోను. బాలింతకు నీళ్లు పడితే పొట్ట వస్తుందనీ, బిడ్డకు జలుబు చేస్తుందనీ గుటకలు లెక్కపెట్టి పోసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. పాలిచ్చే తల్లిని దాహంతో పడుకోబెట్టడం పథ్యం కాదు, ప్రమాదం.

అలాగని దీన్ని బాలింతల జబ్బుగానే చూస్తే పొరబాటు. హైదరాబాదు నిమ్స్ వైద్యులు 428 మంది రోగుల వివరాలు 2012లో ప్రచురించారు. వాళ్లలో సగానికి పైగా మగవాళ్లే. సగటు వయసు 31. బాలింతలు పదోవంతు. రక్తహీనత, రక్తంలో హోమోసిస్టీన్ అనే పదార్థం పెరగడం, మద్యం, గర్భనిరోధక మాత్రలు కారణాల పట్టికలో ముందు వరసలో ఉన్నాయి. వ్రతమనో పెళ్లనో నెలసరి వాయిదాకు మందుల షాపులో అడిగి తెచ్చుకునే హార్మోను మాత్రల గురించి కూడా న్యూరాలజిస్టులు అడుగుతారు. అడిగినప్పుడు దాచకూడదు.

‘హెమరేజిక్ ఇన్‌ఫార్క్ట్; హెపారిన్ స్టార్టెడ్’

కుటుంబాలు డాక్టరుతో గొడవపడేది ఈ వాక్యం దగ్గరే. మెదడులో రక్తం చిమ్మిందంటూనే రక్తం పలచబడే ఇంజెక్షన్ ఎలా ఇస్తారని. రక్తం చిమ్మడానికి మూలం కిందనున్న గడ్డ. అది పెరగకుండా ఆపితేనే ఒత్తిడి తగ్గుతుంది. ఒకప్పుడు వైద్యులకూ ఈ భయం ఉండేది. 1991లో మ్యూనిక్ వైద్యులు 20 మంది మీద చేసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. హెపారిన్ ఇచ్చిన పదిమందిలో ఎవరూ చనిపోలేదు, ఎనిమిది మంది పూర్తిగా కోలుకున్నారు. ఇవ్వని పదిమందిలో ముగ్గురు చనిపోయారు. చిన్న పరీక్షే గాని, వైద్యం దారి మళ్లించింది.

‘పాపిల్లెడీమా ప్లస్’

తలలో ఒత్తిడికి కంటి నరం ఉబ్బింది. నొప్పి తగ్గినా కంటి పరీక్ష మానకూడదు. నిర్లక్ష్యం చేస్తే చూపు పోతుంది.

‘టాబ్ వార్ఫరిన్ ఓ.డి.; టార్గెట్ ఐ.ఎన్.ఆర్. 2–3’

ఐ.ఎన్.ఆర్. అనేది రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే అంకె. మందు వాడనివారిలో దాదాపు 1 ఉంటుంది. 2 కంటే తగ్గితే మందు చాలట్లేదని, 3 దాటితే రక్తస్రావం ముప్పు పెరుగుతోందని అర్థం. కాన్పులాంటి తాత్కాలిక కారణమైతే మూడు నుంచి ఆరు నెలలు, కారణం తేలకపోతే ఏడాది దాకా వాడమంటారు. రోజూ ఒకే వేళకు వేసుకోవాలి. నిన్న మరిచిపోయామని ఇవాళ రెండు వేసుకోకూడదు. పాలకూర, తోటకూర మానేయమని చుట్టాలు చెబుతారు. మానక్కర్లేదు, ఒక వారం అసలు ముట్టకపోవడం, మరో వారం రోజూ తినడం చేయకుండా ఉంటే చాలు. ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్, పక్షవాతానికి పసరు మందు మాత్రం వద్దే వద్దు. బిడ్డకు పాలు ఇవ్వొచ్చు. ఈ మందు వాడుతుండగా మళ్లీ గర్భం రాకూడదు, పిండానికి హాని. దానికి హార్మోను మాత్రలు కాకుండా వేరే పద్ధతి డాక్టరునడిగి ఎంచుకోవాలి.

‘ఎం.ఆర్.ఎస్. 2’

పక్షవాతం మిగిల్చిన ఇబ్బందిని కొలిచే ఈ అంకె కాగితంలో చిన్నదీ, ఇంట్లో పెద్దదీ. ఏ ఇబ్బందీ లేకపోతే సున్నా, మరణిస్తే ఆరు. రెండు అంటే తన పనులు తాను చేసుకోగలదు, కాని మునుపటిలా అన్నీ చేయలేదు. ఆ ‘కాని’ ఎక్కడుందో దగ్గరగా చూస్తేనే తెలుస్తుంది. నడుస్తుంది, నవ్వుతుంది. జాకెట్టు హుక్కు దగ్గర కుడిచేతి వేళ్లు తడబడతాయి. చీర కుచ్చిళ్లు పోసుకుంటే నాలుగో మడత జారిపోతుంది. గిన్నె ఇమ్మనబోయి గ్లాసు ఇమ్మంటుంది, తప్పని తెలిసి ఏడుస్తుంది. మధ్యాహ్నం పన్నెండుకే ఒంట్లో సత్తువ అయిపోతుంది. ‘బాగానే ఉందిగా, ఇంకా పడుకోవడమేంటి?’ అని అత్తగారు అంటారు. అది బద్ధకం కాదు, దెబ్బ తిన్న మెదడు అలసట. స్పీచ్ థెరపీ, ఫిజియోథెరపీ ఇంకా అవసరమయ్యేది ఈ దశలోనే. రోజూ కాసేపు బియ్యంలో పప్పు గింజలు కలిపి ఏరించడం, ఇంట్లోవాళ్ల పేర్లూ కూరగాయల పేర్లూ చెప్పించడం వంటివి ఇంట్లోనే చేయించవచ్చు. మాట వెతుక్కుంటుంటే మనం అందించేయకుండా ఆగాలి.

ఆశకు గట్టి ఆధారమే ఉంది. 624 మంది రోగులను గమనించి 2004లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనంలో నూటికి 79 మంది ఏ లోపమూ లేకుండానో, పనికి అడ్డురాని చిన్న ఇబ్బందితోనో మిగిలారు. మామూలు పక్షవాతం కంటే ఇది చాలా మేలు. మళ్లీ కాన్పుకు కూడా చాలామందికి అడ్డేమీ లేదు. గర్భం అని తెలిసిన రోజే పాత ఫైలు డాక్టరుకు చూపించాలి.

‘రివ్యూ ఇన్ న్యూరాలజీ ఓ.పి.’

ఓ.పి. తేదీ దాకా ఆగకూడని సందర్భాలున్నాయి. తలనొప్పి తిరగబెట్టినా, చూపు మసకబారినా, ఫిట్స్ వచ్చినా, నల్లని విరేచనం అయినా వెంటనే 108కి ఫోన్ చేయండి. వచ్చిన సిబ్బందికి వార్ఫరిన్ వాడుతున్న సంగతి ముందుగా చెప్పి, బీరువాలోని ఆ ఫైలు వెంట తీసుకెళ్లండి.